ట్యాంకు అడుగు మడ్డికి టీసీఎల్‌పీ తప్పనిసరా?

మడ్డిట్యాంకు: అమెరికాలో ఒక చిన్న చమురు క్షేత్రంలో వ్యర్థాల బాధ్యత కొత్తగా నా మీద పడింది. ఉత్పత్తి ట్యాంకుల అడుగున పేరుకున్న మడ్డిని బయటికి పంపాలి. చట్టంలో మినహాయింపు ఉంది కదా, టీసీఎల్‌పీ (వ్యర్థంలోంచి విషాలు ఎంత నీటిలోకి దిగుతాయో చూసే ల్యాబ్ పరీక్ష) ఎందుకు అంటున్నారు మావాళ్లు. ల్యాబ్ రిపోర్టు లేనిదే లారీ కదలదంటున్నాడు కాంట్రాక్టరు. ఎవరి మాట వినాలి?

పాతకాపు: ఇద్దరి మాటా నిజమే. డ్రిల్లింగ్ మడ్ (బావి తవ్వేటప్పుడు వాడే బురద), చమురుతో పాటు పైకొచ్చే ఉప్పునీరు, మీ మడ్డి ఆర్‌సీఆర్‌ఏ (అమెరికా వ్యర్థాల చట్టం) ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందకు రావని 1988లోనే అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ తేల్చింది. చట్టం వదిలేసిందంటే అందులో విషం లేదని కాదు. పైగా రాష్ట్ర నిబంధనలు, పూడ్చే చోటి షరతులు వేరే ఉంటాయి. వాడకుండా మిగిలిన ఫ్రాకింగ్ ద్రవం (రాతిని చీల్చడానికి బావిలోకి పంపేది), యంత్రాల పాత నూనె, సాల్వెంట్లు వంటి వాటికి ఈ మినహాయింపు లేదు. ఎవరైనా అవి తెచ్చి ఆ ట్యాంకులో పోశారేమో ముందు కనుక్కోండి. పోసి ఉంటే మొత్తం మడ్డి లెక్కే మారిపోవచ్చు.

ల్యాబ్‌పిల్లి: మడ్డిలో అసలు చిక్కు బెంజీన్‌తోనే, అంటే చమురులో ఉండే, క్యాన్సర్ తెచ్చే రసాయనంతో. టీసీఎల్‌పీలో పరిమితి లీటరుకు 0.5 మిల్లీగ్రాములు. ఘన పదార్థానికి 20 రెట్ల బరువు ద్రవం చేర్చి సుమారు 18 గంటలు తిప్పుతారు కనుక, పూర్తిగా ఘనమైన నమూనాలో మొత్తం బెంజీన్ కిలోకు 10 మిల్లీగ్రాముల లోపుంటే పరిమితి దాటే వీలే లేదు. టీసీఎల్‌పీ ఖర్చు మిగులుతుంది. నూనె ఊరే మడ్డికి మాత్రం ఈ సులువు లెక్క చెల్లదు.

ఇంకో మాట. సగం ఖాళీగా, ఎండలో తిరిగి మా దగ్గరికి చేరిన సీసాలో బెంజీన్ తక్కువగా కనిపిస్తే సంబరపడకండి. అది గాల్లో కలిసిపోయి ఉంటుంది. సీసా నిండా నింపి, వెంటనే ఐసులో పెట్టండి.

బావిగట్టు: బేరియం అంకె చూసి కూడా కంగారు పడకండి. బరైటు (మడ్ బరువు పెంచడానికి కలిపే బేరియం ఖనిజం) కలిసిన మడ్‌లో మొత్తం బేరియం బోలెడు ఉంటుంది కానీ, బేరియం సల్ఫేటు దాదాపు కరగదు. టీసీఎల్‌పీ పరిమితి లీటరుకు 100 మిల్లీగ్రాములు, మామూలుగా అక్కడిదాకా రాదు. నా భయం ఐరన్ సల్ఫైడుతో. హైడ్రోజన్ సల్ఫైడు ఉన్న బావుల మడ్డి ఆరి గాలి తగిలితే దానంతటదే అంటుకోగలదు. 60 డిగ్రీల సెల్సియస్ ఫ్లాష్ పాయింటు (ఆవిరి అంటుకునే ఉష్ణోగ్రత) పరీక్ష ద్రవాలకు పెట్టింది, దీన్ని పట్టుకోదు. తడిపి ఉంచే తీయించండి.

మడ్డిట్యాంకు: సల్ఫైడుకు కిలోకు 500 మిల్లీగ్రాముల హద్దు ఉందని మా పాత ఫైల్లో రాసి ఉంది?

ల్యాబ్‌పిల్లి: ఆ మార్గదర్శకాన్ని ఈపీఏ 1998లోనే వెనక్కి తీసుకుంది. ఫైళ్లలో మాత్రం ఇంకా బతికే ఉంది!

పాతకాపు: చమురుతో పాటు భూమిలోంచి వచ్చే రేడియోధార్మిక లోహం రేడియం సంగతి ఎవరూ ఎత్తలేదు. టీసీఎల్‌పీలో రేడియోధార్మికత కనిపించదు, దాన్ని విడిగా కొలిపించాలి. పూడ్చే చోట గేటు దగ్గర డిటెక్టరు మోగితే లారీ తిరిగి మీ దగ్గరికే వస్తుంది.