రాబిన్‌హుడ్ (1973): పాత బొమ్మల మీద మళ్ళీ గీసిన సినిమాని మంచి సినిమా అనొచ్చా?

గట్టుమీదిచెట్టు
డిస్నీ వాళ్ళ ‘రాబిన్‌హుడ్’ అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఉన్నవాళ్ళని దోచి పేదలకి పంచే రాబిన్, అతని ప్రియురాలు మేరియన్ ఇద్దరూ నక్కలుగా కనిపించే బొమ్మల సినిమా అది. నిన్న రాత్రి పిల్లలకి వేశాను. యానిమేషన్ పని చేసే మా తమ్ముడు అడవిలో డాన్స్ దగ్గర ఆపేసి, “అన్నయ్యా, మేరియన్ వేసే ఈ అడుగులు 1937 నాటి స్నోవైట్‌వి” అన్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. నిజమే. ఎలుగుబంటి లిటిల్ జాన్, కోడి క్లక్కమ్మ కలిసి ఆడేది ‘జంగిల్ బుక్’లో బాలూ, కోతిరాజు ఆడిన ఆటే. వాయిద్యాల గుంపులో కొంత 1970 నాటి ‘అరిస్టోక్యాట్స్’ పిల్లులది. “నీది చిన్నప్పటి మమకారం, అందులో సరుకు లేదు” అని తేల్చేశాడు వాడు. నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మీరేమంటారు?

లైట్‌బాక్స్
మీ తమ్ముడిదే న్యాయం. 1966 చివర్లో వాల్ట్ డిస్నీ పోయాక ఆ స్టూడియోలో కొత్తది ప్రయత్నించే తెగువ తగ్గింది. దర్శకుడు రైథర్‌మాన్‌కి పాత సీన్లు తీసి వాడుకోవడం అలవాటు. బొమ్మలు గీసే మేం ఒక్క నడక కోసం కీ ఫ్రేములు (కదలికలో ముఖ్యమైన భంగిమల బొమ్మలు) ఎన్నిసార్లు చెరిపి గీస్తామో చెబితే నమ్మరు. లిటిల్ జాన్‌ని చూడండి, బాలూకి ఆకుపచ్చ చొక్కా తొడిగినట్టుంటాడు. గొంతు కూడా ఆ ఫిల్ హ్యారిస్‌దే. పైగా ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో జరిగే కథలో పన్నులు వసూలు చేసే అధికారి షెరీఫ్ అమెరికా పల్లెటూరి యాసలో మాట్లాడతాడు.

పాలమూరు పోరడు
అన్నా, జానపద కథను గట్ల తూకమేస్తే ఎట్ల? 1500 ప్రాంతంల అచ్చయిన పాత రాబిన్ గాథల మేరియన్ లేనే లేదు, రిచర్డ్ రాజు లేడు. అండ్ల ఉన్న రాజు ఎడ్వర్డ్. రాబిన్ మామూలు రైతుబిడ్డ లెక్కటోడు, 1598ల ఒక నాటకకర్త ఆయన్ని దొరను చేసిండు. మా దిక్కు ఉన్నోళ్ళను దోచి పేదలకు పంచిన పండుగ సాయన్న కథ పాడేటోళ్ళు సుత ఊరికో తీరు పాడ్తరు. పాత వరుసల కొత్త మాట కట్టుడే జానపదం. డిస్నీ వాళ్ళు చేసింది గంత పెద్ద తప్పేం గాదు.

లైట్‌బాక్స్
తమ్ముడూ, పాడేవాడు వరుస అరువు తెచ్చుకున్నా గొంతు తనదే. ఇక్కడ కదలికే అరువు. రెండూ ఒకటి కాదు.

గోదారమ్మ
మీ ఇద్దరూ డాన్స్ దగ్గరే ఆగిపోయారు. నేను దీన్ని మా పాపతో నాలుగుసార్లు చూశాను. మొదటిసారి “నక్క మంచిదెలా అవుతుందమ్మా?” అని అడిగింది. మన కథల్లో నక్క అంటే జిత్తులమారే కదా! డిస్నీలో కూడా రేనార్డ్ అనే టక్కరి నక్క కథ తీద్దామని ఎప్పటి నుంచో అనుకుని, అలాంటి మోసగాడు హీరో ఎలా అవుతాడని ఆగారట. చివరికి ఆ ఆలోచనే రాబిన్ దాకా వచ్చింది.

పన్ను వసూలు సీన్ గుర్తుందా? కమ్మరి కుక్క కాలు విరిగి కట్టుతో కూర్చుని ఉంటుంది. షెరీఫ్ సాయం చేస్తున్నట్టు ఆ కాలు పైకెత్తి, కట్టు మీద తట్టి, అందులో దాచిన నాణేలు రాల్చుకుంటాడు. అక్కడి నుంచి కుందేళ్ళ ఇంటికెళ్ళి, ఏడేళ్ళ స్కిప్పీకి పుట్టినరోజు కానుకగా ఇచ్చిన ఒక్క నాణెమూ పట్టుకుపోతాడు. తర్వాత గుడ్డి బిచ్చగాడి వేషంలో ఉన్న రాబిన్ తన విల్లూ టోపీ స్కిప్పీకిచ్చేస్తాడు. ఆ టోపీ జారి వాడి కళ్ళ మీద పడుతుంది. మా పాప ఊపిరి బిగబట్టి చూసింది. పేదవాడి దగ్గర గుంజుకోవడం అంటే ఏమిటో పిల్లలకి అంత సూటిగా చూపించిన బొమ్మల సినిమా నేను మరొకటి చూడలేదు. ఆ సీన్ ఎవరి దగ్గరా అరువు తెచ్చింది కాదు.

నాకున్న ఫిర్యాదు వేరే. కోట తగలబడుతుంది, రాబిన్ కందకంలోకి దూకుతాడు, నీళ్ళ మీదికి బాణం గుచ్చుకున్న టోపీ ఒక్కటే తేలుతుంది. గుండె ఆగిపోతుంది. మరుక్షణం బతికి బయటపడతాడు, కథ చెప్పే కోడిపుంజు వచ్చి రిచర్డ్ రాజు తిరిగొచ్చాడని నాలుగు మాటల్లో చెప్పేస్తుంది, పెళ్ళి. గంటకు పైగా ఏడిపించిన ప్రిన్స్ జాన్‌ని, రాజు లేనప్పుడు గద్దెనెక్కిన ఆ తమ్ముణ్ణి, అన్న రిచర్డ్ ఎదురుగా నిలబెట్టనే లేదు! అన్యాయం అది.

లైట్‌బాక్స్
గోదారమ్మ గారూ, ఇది ఒప్పుకుంటాను. పైగా వాళ్ళు వేరే ముగింపు బొమ్మలు గీసి పెట్టుకున్నారు. అందులో గాయపడిన రాబిన్‌ని చర్చికి చేరుస్తారు, మేరియన్ అతని పక్కనే ఉంటుంది, జాన్ కత్తి పట్టుకుని చంపడానికి వస్తాడు, రిచర్డ్ అడ్డుకుంటాడు. అది ఎందుకు వదిలేశారా అని నాకూ బాధే. అమ్మ పేరెత్తగానే బొటనవేలు నోట్లో పెట్టుకునే ఆ జాన్‌ని ఎంత శ్రద్ధగా గీశారో! ఆ పాత్ర కోసమైనా అది ఉండాల్సింది. డాన్స్ విషయంలో మాత్రం నా మాట మారదు.

గట్టుమీదిచెట్టు
ఆ ముగింపు సంగతి నాకు తెలియదండీ. స్కిప్పీ సీన్ ఇందాకే మా తమ్ముడికి మళ్ళీ వేశాను. వాడు ఆపమనలేదు.