మా ఊరి పాత టాకీసు ఎప్పటిది? బండ మీద 1351 అని ఉన్నది

పాతబస్టాండు:
సూర్యాపేటకు ఈ పక్క, విజయవాడ రోడ్డు మీద చిన్న ఊరు మాది. ఇప్పుడు మొబైల్ షాపులున్న కాంప్లెక్సు జాగల ఒకప్పుడు రేకుల టాకీసు ఉండేది. నాకు తెలివొచ్చేసరికే అది ఎరువుల గోదాము. ఫొటో ఒక్కటి లేదు. కూలగొట్టినప్పుడు గుమ్మం మీది ఉర్దూ బండను మా పక్కింటోళ్లు తెచ్చుకొని బట్టలుతికే కాడ ఏసుకున్నరు. అండ్ల 1351 అన్న అంకె ఒక్కటే సాఫ్‌గ కనవడ్తది. ఉర్దూ వచ్చిన ఒకాయన హిజ్రీ అన్నడు. లెక్కేస్తే 1932! మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చిన ఏడే మా ఊర్ల హాలు! ఎవరికన్న ఎరుకనా?

మిల్లుగడ్డ:
1932ల గంత చిన్న ఊర్ల హాలా? డౌటే అన్నా. కరెంటేది? మా మిర్యాలగూడ దిక్కు మా తాత చెప్పేది, పిండిగిర్ని, టాకీసు పక్కపక్కనే అని. పగలు గిర్ని నడిపిన ఆయిలింజనుకే పొద్దుమూకినంక డైనమో బెల్టు తగిలిచ్చి సిన్మ ఆడిచ్చేదంట. ఇంజను సప్పుడు ఇనవడ్డదంటే అన్నం తినేటోళ్లు ఎంగిలి చేత్తోనే ఉరుకుడు. 1967ల సాగర్ కాలువలకు నీళ్లు ఇడిసి, వరి పండి, మిల్లులు లేసినంకనే మా ఊర్ల సిన్మాలకు పైసలు ఆడినయి.

రీలుపెట్టె:
జడ్చర్ల దిక్కు పద్దెనిమిదేండ్లు ఆపరేటరుగ చేసిన. మీది ఒంటి మెషీను హాలా, జంట మెషీనుదా? పెద్దోళ్లను అడుగు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు నడుస్తది. ఒంటి మెషీనైతే రీలు రీలుకు లైటేసుడే. దీపమేమో రెండు కార్బన్ కడ్డీల మొనల నడుమ మండుతది. కడ్డీలు అరిగిన కొద్దీ చేత్తో దగ్గరికి జరపాలె, కాస్త ఏమరితే తెర పసుపచ్చగయితది, ఇగ నేల నుంచి ఈలలు. నా ఎడమ చెయ్యి మీద ఇంకా రెండు మచ్చలున్నయి.

కేబిన్ కంతలకు జారిపడే ఇనుప రేకులుండెనా అని అడగబోయిన. పాత నైట్రేటు ఫిల్ము అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, అందుకు పెట్టేది. కానీ తర్వాత తొందరగ అంటుకోని సేఫ్టీ ఫిల్ము వచ్చినంక గూడ మా హాల్ల ఆ రేకులు ఉండె. దాంతోని ఏండ్లు తేలవు.

లేడీస్‌నేల:
ఏండ్ల సంగతి నాకు తెల్వదు. మా అత్తమ్మ మాత్రం ‘లవకుశ’కు మూడు బండ్లు కట్టుకొని పోయినమని ఇప్పటికీ చెప్తది. లక్ష్మణుడు తెర మీదికి రాంగనే "మన కోదాడాయన" అని ఒకటే లొల్లంట. కాంతారావుది గుడిబండ కదా. ఆడోళ్ల నేలకు, మగోళ్ల నేలకు నడుమ నడుమంత గోడ. ఆ గోడ మీద పిల్లల్ని అటూ ఇటూ అందిచ్చుకునేటోళ్లు. ఇంటర్వెల్ల పల్లికాయ, గోలీసోడా. ఆట ఇడిసినంక ఎవరి పిల్లగాడు ఎవరి బండిల నిద్రపోయిండో ఎతుక్కునుడు.

పహాణీ:
హిజ్రీ అని ఎందుకు అనుకున్నారు? నిజాం సర్కారు కాగితాల్లో ఫసలీ సంవత్సరాలు, అంటే పంటల శిస్తు లెక్కకు వాడే సంవత్సరాలు, బాగా నడిచాయి. ఫసలీకి 590 కలపండి. 1351 ఫసలీ అంటే 1941 అక్టోబరు నుంచి 1942 అక్టోబరు. ఆయిలింజన్ల కాలానికి అదే నప్పుతుంది. అంకె పక్కన చిన్న అక్షరం ఉందేమో చూడండి. ఫసలీకి ‘ఫే’ వేస్తారు, హిజ్రీకి ‘హే’. ఫే మీద చుక్క ఉంటుంది, హే మీద ఉండదు.

1954–55 నాటి భూముల రికార్డు, ఖాస్రా పహాణీ కోసం తిరగకండి. గ్రామకంఠం (ఊరి ఇళ్ల స్థలం) జాగా అయితే అందులో దొరకదు. గోలకొండ పత్రిక పాత సంచికల్లో ప్రకటనలు తిరగేస్తే ఏమైనా తగలొచ్చు.

పాతబస్టాండు:
అక్షరమైతే ఏదో ఉన్నది సార్, ముప్పయ్యేండ్ల సబ్బు పట్టింది. ఆదివారం పోత.

మిల్లుగడ్డ:
పోయినవా అన్నా?

పాతబస్టాండు:
పోయిన. కొబ్బరిపీసుతోని తోమి, ఎండినంక ముగ్గుపిండి రుద్దిన. గీతలన్ని తెల్లగ లేసినయి. చుక్క ఉన్నది.

మా పెద్దనాయన 1930ల పుట్టిండు. "టాకీసు తెరిచిన కొత్తల నేల మీద నీళ్లు చల్లేటోన్ని, నాకు ఆట ఫిరీ" అనేటోడు. 1932 అనుకున్నప్పటి సంది, రెండేండ్ల పోరడు నీళ్లెట్ల చల్లిండని ఇంట్ల నవ్వుకున్నం. పదకొండేండ్లు ఉండె అప్పటికి. పోయి నాలుగేండ్లయింది.

బండ ఇయ్యమంటే పక్కింటక్క "ముందుగల ఇంకో బండ ఏపియ్యి" అంటున్నది.

రీలుపెట్టె:
షాబాదు బండ ఒకటి మా ఇంటెనక ఊకెనే పడున్నది. ట్రాలీ చూసి పంపుత, కొలత చెప్పు.