మన నాలుగు సింహాలు పర్షియా సరుకేనా?

పాతనాణెం:
నిన్న మా బావమరిదితో పెద్ద గొడవే అయింది. పాస్‌పోర్ట్ అట్ట మీది సింహాల బొమ్మ (అశోకుడి సారనాథ్ స్తంభం తలభాగమే మన జాతీయ చిహ్నం కదా) చూపించి, "ఇది పర్షియా సరుకు బావా, అశోకుడు అక్కడి శిల్పుల్ని పిలిపించి చెక్కించుకున్నాడు, దీనికింత గొప్పలెందుకు" అన్నాడు. ఒళ్లు మండింది గానీ జవాబు తోచలేదు. నిజమేనా?

రాతిపలక:
సగం నిజం. అద్దంలాంటి ఆ నునుపు, గంట ఆకారంలో వంగిన తామర రేకులు, వీపులు ఆనించుకున్న జంతువులు పాత పర్షియా రాజధాని పెర్సెపోలిస్‌లో అంతకు ముందే ఉన్నాయి, ఒకప్పటి పురావస్తు శాఖ పెద్ద జాన్ మార్షల్ వాదన కూడా దాదాపు ఇదే.

గోదారిగట్టు:
ఏంటండీ, మన అడవుల్లో సింహాలే లేవా? ఏది బాగున్నా బయటివాడే చెక్కాడనడం ఒక జబ్బు.

రాతిపలక:
సింహాలు లేవని ఎవరన్నారు? ఆ జూలు చూడండి, కుచ్చులు వరుసలుగా పేర్చినట్టుంది, అడవిలో సింహాన్ని చూసి చెక్కినట్టు లేదు. అదే కాళ్ల కింది పట్టీ మీద ఎద్దు, పరిగెత్తే గుర్రం చూస్తే ప్రాణమున్నట్టే ఉంటాయి. ఒకే రాతిలో రెండు రకాల పనితనం!

నల్లరేగడి:
పోలిక ఉందని కాపీ అనేస్తే ఎలా? ఇది పశ్చిమాసియాతో మనకున్న ఉమ్మడి ఆస్తి అన్నది కళాచరిత్రకారుడు ఆనంద కుమారస్వామి మాట, నాకూ అదే సబబనిపిస్తుంది. అయినా పెర్సెపోలిస్ స్తంభాలు రాతి ముక్కలు పేర్చి, నిలువు గాడులు తీసినవి, వాటి మీది జంతువులు కప్పు దూలాలు మోస్తాయి. సారనాథ్‌లోది ఏ గాడీ లేని నున్నటి ఇసుకరాయి (వారణాసి దగ్గరి చునార్ గనులది), ఆరుబయట ఒంటరిగా నిలబెట్టింది. మరి ఆ సింహాలు ఏం మోశాయి? నెత్తిన 32 ఆకుల పెద్ద ధర్మచక్రం ఉండేది. 1904-05 తవ్వకాల్లో సింహాలు దాదాపు చెక్కుచెదరకుండా దొరికాయి గానీ, చక్రం ముక్కలే మిగిలాయి. బుద్ధుడు తొలిసారి బోధించిన చోటు కదా, అక్కడ అసలు దేవర చక్రమే, సింహాలు దానికి పీట. మన అమరావతి పలకల మీద చూడండి, స్తంభం మీది చక్రానికే దండాలు పెడుతుంటారు. 1950 జనవరి 26న మనం తీసుకున్న చిహ్నంలో ఆ పై చక్రం లేదు, కింది తామరా లేదు. రాజసం ఉంచి ధర్మాన్ని దించేశామని నాకెప్పుడూ వెలితే.

గోదారిగట్టు:
దించేయడమేంటి, పట్టీ మధ్యలో 24 ఆకుల చక్రం ఉందిగా, జెండా మీదకెక్కిందీ అదే. పైగా కింద ముండకోపనిషత్తు నుంచి సత్యమేవ జయతే. బౌద్ధుల రాయి, ఉపనిషత్తు మాట, ఈ కలయికే నాకు నచ్చుతుంది.

పాతనాణెం:
చక్రం సంగతి చెప్పగానే మావాడు కాసేపు గమ్మునున్నాడు. తర్వాత భూతద్దం తెచ్చి, "ఎద్దు, గుర్రం సరే, పట్టీ మీద ఏనుగు కూడా ఉండాలిగా, ఏది?" అంటున్నాడు. వెనకవైపుందిరా అంటే, పాస్‌పోర్ట్ తిరగేసి చూస్తున్నాడు.