మొదటిసారి కారవాన్ లాగుతున్నాం, మెల్‌బోర్న్ నుంచి హాల్స్ గ్యాప్‌కి. ఏం చూసుకోవాలి?

టార్నీట్ కోడలు:

అందరికీ నమస్తే. కారవాన్, అదే కారు వెనక తగిలించుకునే చక్రాల ఇల్లు, లాగిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదివి చెప్పండి, మా ఇంట్లో వారం నుంచి ఇదే చర్చ. సెప్టెంబర్ స్కూలు సెలవుల్లో నాలుగు రాత్రులు గ్రాంపియన్స్ కొండల్లోని హాల్స్ గ్యాప్‌లో ఉందామని అక్కడి కారవాన్ పార్కులో సైట్ బుక్ చేశాం. నేను, మావారు, పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప, తెనాలి నుంచి వచ్చిన మా అత్తయ్యగారు, మామయ్యగారు, మొత్తం ఆరుగురం. పెద్దవాళ్లకి అదే పార్కులో క్యాబిన్ తీసుకున్నాం, మేం నలుగురం కారవాన్‌లో పడుకుంటాం. కారవాన్ పాతదే, గత నెల కొన్నాం, 16 అడుగులది, సింగిల్ యాక్సిల్, ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయి. ప్లేటు మీద టేర్ 1450, ఏటీఎమ్ 1850 అని ఉంది. మా ఏడు సీట్ల కారు 2000 కిలోల దాకా లాగుతుందని మాన్యువల్‌లో రాశారు. అమ్మినాయన "2000 కన్నా తక్కువే కదా, ఇంకేం ఆలోచించక్కర్లేదు" అన్నారు. నిజమేనా?

మావారు ఎప్పుడో ఇంటి చెత్త తీసుకెళ్లడానికి చిన్న ట్రైలర్ లాగారు, అంతకు మించి ఇద్దరికీ ఏమీ తెలియదు. వెనక్కి తీయడం తలుచుకుంటేనే నాకు టెన్షన్. ఇంకోటి, పెద్దవాళ్లు బయట తిండి తినలేరు కాబట్టి వంటంతా మేమే చేసుకుంటాం. బియ్యం, కుక్కర్, ఇడ్లీ స్టాండు, పప్పులు, పచ్చడి జాడీలు అన్నీ వస్తాయి. ఏది ఎక్కడ పెట్టాలో పద్ధతేమైనా ఉందా?

జీలాంగ్‌వాసి:

అమ్మినాయన చెప్పింది సగం లెక్కేనండి. టేర్ అంటే ఖాళీ కారవాన్ బరువు, ఏటీఎమ్ అంటే సామానంతా సర్దాక కూడా దాటకూడని బరువు. అంటే మీ చేతిలో ఉన్నది 400 కిలోలు. వినడానికి చాలా అనిపిస్తుంది. కానీ నీళ్ల ట్యాంకులు రెండుండి ఒక్కోటి 80 లీటర్లదైతే, అవి నింపగానే 160 కిలోలు పోయాయి. టేర్‌లో మామూలుగా నీళ్లూ గ్యాసూ కలపరు. 9 కిలోల గ్యాస్ సిలిండర్ నిండుగా ఉంటే సిలిండర్ బరువుతో కలిపి 18 కిలోల దాకా ఉంటుంది. పాత ఓనరు తర్వాత పెట్టించిన సోలార్ ప్యానెలో రెండో బ్యాటరీయో ఉంటే వాటి బరువూ ఈ 400లోంచే తీసేయాలి.

చాలామంది పట్టించుకోనిది కారు సంగతి. కారవాన్ ముందు భాగం టోబార్ బంతి మీద, అంటే కారు వెనక కారవాన్ తగిలించే ఇనప గుండు మీద, మోపే బరువు కూడా కారు మోసే బరువు కిందే లెక్క. నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు కలిపి 330 కిలోలు అనుకుందాం, బంతి మీద ఇంకో 175, అప్పుడే 500 దాటాం. మీ కారు జీవీఎమ్‌లోంచి, అంటే మనుషులూ సామానూ ఎక్కాక కారు దాటకూడని బరువులోంచి, ఖాళీ కారు బరువు తీసేస్తే ఎంత మిగులుతుందో మాన్యువల్లో చూడండి. ఏడు సీట్ల కార్లు చాలావాటికి ఇంత మంది ఎక్కాక డిక్కీలో పెట్టడానికి పెద్దగా ఏమీ మిగలదు. జీసీఎమ్ అని ఇంకోటుంటుంది, కారూ కారవానూ రెండూ కలిపి దాటకూడని బరువు, అదీ చూసుకోండి.

ఇదంతా కాగితం మీద తేలదు. ప్రయాణానికి సర్దినట్టే సర్ది పబ్లిక్ వేబ్రిడ్జికి తీసుకెళ్లండి, మన దగ్గర లారీలు తూచే కాటా లాంటిదే. కారవాన్‌ని కారు నుంచి విప్పి, ముందుండే చిన్న ఆసరా చక్రం, జాకీ వీల్‌తో సహా కాటా మీదే ఉంచి తూచితే ఏటీఎమ్‌తో పోల్చాల్సిన అంకె వస్తుంది. మీ కార్లో బ్రేక్ కంట్రోలర్, అంటే కార్లోంచి కారవాన్ బ్రేకులు వేయించే పరికరం, ఉందా? లేకపోతే ఆ ఎలక్ట్రిక్ బ్రేకులు ఉన్నా లేనట్టే, వెళ్లే ముందు పెట్టించాల్సిందే.

బెండిగో రైతుబిడ్డ:

మీ మామయ్యగారిది తెనాలి అన్నారు కదా, ఆయన్నే అడగండి, ఈ విషయం ఆయనకి మనకన్నా బాగా తెలిసి ఉంటుంది. ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎత్తేటప్పుడు వెనక ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది, ముందు మరీ ఎక్కువైతే ఎడ్ల మెడల మీద పడుతుంది. అందుకే బరువంతా ఇరుసు మీదికి వచ్చేలా సర్ది, కొంచెం ముందుకి మొగ్గు ఉంచేవాళ్లు. కారవాన్‌ది అచ్చంగా అదే లెక్క. ఆస్ట్రేలియాలో మామూలుగా మొత్తం బరువులో 10 శాతం దాకా బంతి మీద ఉండేలా చూస్తారు, కారుకీ టోబార్‌కీ రాసిన హద్దు దాటకుండా. మీ బియ్యం, పప్పులు, కుక్కర్ ఇరుసుకి దగ్గర్లో, కింది అరల్లో పెట్టండి. పైన ఉన్న అరల్లో దుప్పట్లు, చిప్స్ ప్యాకెట్లు, అంతే. వెనక బంపర్ మీద ఏమీ కట్టొద్దు.

ఇది నేను దెబ్బతిని నేర్చుకున్నదే. మూడేళ్ల క్రితం వెనక బంపర్ మీద పిల్లల సైకిళ్లు రెండు కట్టాను, వెనక మంచం కింద టూల్ బాక్సు, ముందున్న నీళ్ల ట్యాంకు ఖాళీ. ఫ్రీవే మీద దిగుడులో 105లో పోతుంటే ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటింది. ఆ గాలికి కారవాన్ కాస్త కదిలింది. తర్వాతి క్షణంలో ఎడమ అద్దంలో కారవాన్ పక్క గోడ మొత్తం కనపడింది, అది మాయమై కుడి అద్దంలో కనపడింది, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువగా. స్టీరింగ్ చేతిలో ఉంది కానీ కారు నా మాట వినట్లేదు. నా భార్య వెనక్కి తిరిగి పిల్లలిద్దరి మీదా చెయ్యి అడ్డం పెట్టింది. కాలు బ్రేకు మీదికి పోబోతుంటే ఎవరో చెప్పింది గుర్తొచ్చి ఆపుకున్నాను. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని, బ్రేక్ కంట్రోలర్ మీద చేత్తో నొక్కే బటన్ ఉంటుంది చూడండి, అది నొక్కాను. కారవాన్ బ్రేకులు మాత్రమే పడి వెనక నుంచి గుంజి పట్టినట్టయి దారిలోకొచ్చింది. ఆ బటన్ ఎక్కడుందో చూడకుండా చెయ్యి వెళ్లేలా మీరిద్దరూ ఇంటి దగ్గరే అలవాటు చేసుకోండి. ఊగుతున్నప్పుడు కారు బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి సరిచేయాలని చూడొద్దు, వేగం పెంచితే పోతుందని కూడా అనుకోవద్దు.

ఇప్పుడు బోర్డు మీద 110 ఉన్నా నేను 90 దాటను. ఎడమ లేనులో పోతాను, వెనక వరస కడితే చోటు దొరికిన దగ్గర పక్కకి తీసి దారిస్తాను.

షెపర్టన్ పిన్ని:

అమ్మా, వెనక్కి తీయడానికి భయపడకు, నేను యాభై దాటాక నేర్చుకున్నాను. ఊళ్లో ట్రాక్టర్ ట్రక్కు వెనక్కి తీసేవాళ్లని చూసే ఉంటావు, ముందు స్టీరింగ్ వ్యతిరేకంగా తిప్పుతారు. అది బుర్రలో పెట్టుకుంటే గందరగోళం, కాబట్టి సులువు చెప్తాను. చెయ్యి స్టీరింగ్ పైన కాకుండా అడుగున పెట్టుకో. ఆ చెయ్యి ఎడమకి జరిపితే కారవాన్ వెనక ఎడమకి పోతుంది, కుడికి జరిపితే కుడికి. కొంచెం కొంచెంగా, నడకంత నెమ్మదిగా. అడ్డం తిరుగుతోందనిపిస్తే ఆపేసి ముందుకి లాగి మళ్లీ మొదలుపెట్టు, తొందరేమీ లేదు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే పెద్ద కార్ పార్కులో రెండు గంటలు మీరిద్దరూ మార్చి మార్చి చేయండి. దారి చూపించేవాళ్లు అద్దంలో కనపడే చోటే నిలబడాలి, కేకలు కాదు, ఫోన్ కలుపుకుని మెల్లగా మాట్లాడుకోండి. పిల్లల్ని మామయ్యగారి దగ్గర దూరంగా ఉంచాలి.

తగిలించేటప్పుడు ఒకరే మొదటి నుంచి చివరి దాకా చేయండి, రెండోవాళ్లు తర్వాత చూడండి, మధ్యలో ఎవరూ పలకరించకూడదు. కప్లింగ్, అంటే బంతిని పట్టుకునే కారవాన్ ముందు కొస, బంతి మీద కూర్చుని లాక్ పడ్డాక, జాకీ వీల్ తిప్పి కాస్త పైకెత్తి చూడు, కారు వెనక భాగం కూడా దాంతో లేస్తే పట్టినట్టే. గొలుసులు కింద అడ్డంగా ఒకదాని మీద ఒకటి వేయాలి, పొరపాటున బంతి ఊడినా ముందు కొస రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయల మీద ఆగుతుంది. విప్పేటప్పుడు మొదట కారవాన్ చక్రాలకి అడ్డు దిమ్మలు, హ్యాండ్‌బ్రేకు, తర్వాతే మిగతావి. కారు పక్కలకి తగిలించే పెద్ద అద్దాలు కొనండి, మామూలు అద్దాల్లో వెనకేమొస్తోందో కనపడదు.

టార్నీట్ కోడలు:

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నిన్న సర్ది కాటాకి తీసుకెళ్లాం. 1910 వచ్చింది! 60 కిలోలు ఎక్కువ, అదీ నేను తక్కువే పెట్టాననుకున్నాక. పార్కులో కుళాయి ఉంటుంది కదాని రెండు ట్యాంకులూ ఖాళీ చేశాం, 1750కి దిగింది. మామయ్యగారు ఎడ్లబండి మాట వినగానే లేచి వచ్చేశారు. ఆయనే దగ్గరుండి వెనక మంచం కింద నేను పెట్టిన బియ్యం బస్తా, నూనె డబ్బా, పచ్చడి జాడీలు తీయించి ఇరుసు పక్కన పెట్టించారు. చిన్న బాల్ స్కేల్ కొని చూస్తే బంతి మీద అంతకుముందు 115 ఉన్నది 170 అయింది. బ్రేక్ కంట్రోలర్ గురువారం పెట్టిస్తున్నాం. టైర్లు చూడ్డానికి బాగానే ఉన్నాయి, అవి కూడా మార్చాలా?

జీలాంగ్‌వాసి:

టైరు పక్కన డాట్ (DOT) అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1416 అని ఉంటే 2016లో పద్నాలుగో వారంలో చేసింది. కారవాన్ టైర్లు అరగకముందే ఎండకి పగిలిపోతాయి, పాతవైతే గాళ్లు లోతుగా ఉన్నాయని చూడకుండా మార్చేయండి. స్పేర్ టైరు కూడా.

సెప్టెంబర్‌లో అక్కడ రాత్రిళ్లు బాగా చలి. ఎంత చలేసినా లోపల గ్యాస్ స్టవ్ వెలిగించి గది వేడి చేసుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కరెంటు హీటర్ పెట్టుకోండి, అలారం ఒకటి తగిలించండి. బండి కదిలేటప్పుడు సిలిండర్ వాల్వు కట్టేయాలి. కారవాన్ కరెంటు తీగ 15 ఆంప్‌ది, ఇంట్లో సాకెట్ 10 ఆంప్‌ది, పట్టట్లేదని ఎర్త్ పిన్ను అరగదీసేవాళ్లుంటారు, ఆ పని మాత్రం చేయకండి.

దారిలో బాకస్ మార్ష్ దాటాక పెంట్‌లాండ్ హిల్స్ ఎక్కుడు గట్టిది, తొందరపడకుండా ఎక్కండి. అది దాటి బాలన్‌లో ఒకసారి ఆగి వీల్ నట్లు బిగుతుగా ఉన్నాయా, చక్రం దగ్గర చెయ్యి పెడితే మరీ వేడిగా ఉందా చూడండి. అరరాట్ తర్వాత అటొక లేను, ఇటొక లేను రోడ్డు, మీ కారూ కారవానూ కలిపి 7.5 మీటర్లు దాటుతాయి కాబట్టి ముందు పోయే పొడవాటి వాహనానికి 60 మీటర్లు వదలడం చట్టం. హాల్స్ గ్యాప్‌లో పొద్దు వాలితే కంగారూలు రోడ్డు మీదికొస్తాయి. ఉదయం తొమ్మిదికల్లా బయల్దేరండి, వెలుగుండగానే సైట్‌లో పెట్టేసుకోవచ్చు.