‘ఏకాదిషడంతాని క్రమేణ హీనాని’: ఏ వైపు నుంచి రాయాలి?

ప్రశ్న: మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో ఒక సంఖ్యను ఇలా చెప్పారు. ‘అంకానాం వామతో గతిః’ అంటారు గదా, దీన్ని కూడా కుడి నుంచి ఎడమకే రాసుకోవాలా? హన్మకొండలో మా లెక్కల సార్లు ఇద్దరు రెండు రకాలుగా చెప్తున్నారు.

జవాబు: ఇద్దరి మాటా నిజమే సార్. మాట ప్రకారం పోదాం. ఒకటితో మొదలై ఆరు దాకా పెరగాలి, తర్వాత వరుసగా తగ్గాలి. ‘హీన’ అంటే ఇక్కడ తగ్గుతూ పోయేది, అంతే. నీచమన్న అర్థం లేదు. అలా రాస్తే 12345654321 వస్తుంది. ఎటు నుంచి చదివినా అదే.

మామూలు భూతసంఖ్యల్లో, అంటే అంకెల బదులు వాటిని గుర్తుచేసే మాటలు వాడే పద్ధతిలో అయితే ఆ సూత్రం తప్పనిసరి. మన వేయిస్తంభాల గుడి శాసనం శక సంవత్సరం 1084 నాటిది. దాన్ని ‘వేద గజ గగన చంద్ర’ అన్నామనుకోండి, 4, 8, 0, 1 వస్తాయి. తిప్పి చదవకపోతే ఏకంగా 4801 అయిపోతుంది!

నాకు ఈ పదబంధం మీద ఇంత ఇష్టం ఎందుకంటే, ‘వెయ్యీ రెండువందల ముప్పైనాలుగు కోట్ల యాభైఆరు లక్షల యాభైనాలుగు వేల మూడువందల ఇరవైఒకటి’ అని చదివితే ఈ సంఖ్య అందం ఎక్కడా కనపడదు. మహావీరుడు స్థానాల పేర్లు వదిలేసి దాని ఆకారం చెప్పాడు. గుణిస్తే వచ్చే ఇలాంటి లబ్ధాలను ఆయన కంఠాభరణాలన్నాడు. 9వ శతాబ్దిలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో రాసిన ఆ గ్రంథాన్నే మన పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇంకో సంగతి. ఇది 111111 వర్గం. పలక మీద 111111ని 111111తో గుణించి చూడండి. ఆరు వరుసలూ ఒకట్లే, ఒక్కో వరుస ఒక్కో స్థానం ఎడమకు జరుగుతుంది. నిలువుగా కూడితే కుడి చివర ఒక ఒకటి, పక్కన రెండు, నడిమధ్య ఆరు, మళ్లీ తగ్గుతూ ఒకటి. చేతిలో ఏమీ మిగలదు కాబట్టే ఆ ఆకారం చెడదు.

ప్రశ్న: మరి ఆరు దగ్గరే ఎందుకు ఆగారు? ‘ఏకాదిసప్తాంతాని’ అనొచ్చు గదా?

జవాబు: అనొచ్చు సార్, తొమ్మిది దాకా ఇబ్బంది లేదు. పది ఒకట్లకు వచ్చేసరికి నడిమి వరుసలో పది వస్తుంది, సున్న వేసి ఒకటి చేతిలో పెట్టుకోవాలి, దాంతో వరుస చెడుతుంది. అయినా ఆరుకు ఒక సుగుణం ఉంది. 111111 అంటే 3, 7, 11, 13, 37 కలిపి గుణించినది. ఇన్ని చిన్న కారణాంకాలు ఉండబట్టే 27994681ని 441తో గుణించమని లెక్క ఇవ్వొచ్చు, జవాబు ఈ కంఠాభరణమే అవుతుంది. అదే ఏడు ఒకట్లు తీసుకుంటే 239, 4649 తప్ప వేరే కారణాంకాలు లేవు. అందుకే ఆరు ఎంచుకున్నాడని నా ఊహ.