ఎల్‌ఆర్‌బీఏ లోపం: అబటాసెప్ట్‌తో నడపాలా, మూలుగ మార్పిడికి వెళ్లాలా?

గౌతమి:
తల్లిదండ్రులిద్దరి నుంచీ దెబ్బతిన్న ఎల్‌ఆర్‌బీఏ జన్యువు వస్తేనే, రోగనిరోధక వ్యవస్థ అదుపు తప్పే ఈ జబ్బు. మేనరికాలు ఇంకా జరుగుతున్న మన డెల్టాలో దీన్ని పక్కన పెట్టలేం. రోగాలతో పోరాడే తెల్ల కణాల్లో ఒక రకమైన టీ కణానికి బ్రేకు సీటీఎల్‌ఏ-4 అనే ప్రోటీన్. ఎల్‌ఆర్‌బీఏ కాపలా లేకపోతే అది లైసోసోముల్లో, అంటే కణంలోని చెత్త కరిగించే సంచుల్లో, పడి నాశనమవుతుంది, టీ కణాలు సొంత పేగు మీదా ప్లేట్‌లెట్ల మీదా పడతాయి. అబటాసెప్ట్ అనే మందు ఆ లోటునే తీరుస్తుంది. మందు పట్టిన పిల్లలకి మార్పిడి గండం ఎందుకండీ?

వశిష్ట:
సగమే తీరుస్తుందండి. అసలు సీటీఎల్‌ఏ-4 అయితే ఎదుటి కణం మీదుండి టీ కణాన్ని రెచ్చగొట్టే సీడీ80, సీడీ86 ప్రోటీన్లను ఊడబెరికి లోపలికి లాక్కుంటుంది. మందు వాటిని కప్పి ఉంచుతుంది, అంతే. రక్తంలో అది దాదాపు 13 రోజుల్లో సగానికి తగ్గిపోతుంది. కిలోకు 10 మి.గ్రా. చొప్పున నాలుగు వారాలకోసారి ఎక్కిస్తే, కొందరికి చివరి వారంలో విరేచనాలు తిరగబెడతాయి. అప్పుడు డోసుల మధ్య ఎడం తగ్గించాలి. అదీ జీవితాంతం. ఈ జబ్బుతో ఊపిరితిత్తులు పాడయ్యాక మార్పిడికి వెళ్తే గండం ఇంకా పెద్దది.

వైనతేయ:
ముందు దాత సంగతి చూడండి. ఎల్‌ఆర్‌బీఏలో ఒక్క చెడ్డ కాపీ ఉన్న తోబుట్టువు ఇవ్వొచ్చు. అదే సీటీఎల్‌ఏ-4 జన్యువులోనే లోపమైతే ఒక్క కాపీ చాలు జబ్బుకి, పైగా అది ఉండి కూడా ఆరోగ్యంగా తిరిగేవాళ్లున్నారు. హెచ్‌ఎల్‌ఏ (కణాల మీది పోలిక గుర్తులు) కలిసిందని అలాంటి అన్నయ్య మూలుగ ఎక్కిస్తే అదే లోపాన్ని మళ్లీ ఎక్కించినట్టు. జన్యు పరీక్ష లేకుండా దాతని ఖాయం చేయకూడదు.

గౌతమి:
ఒప్పుకుంటానండి. కానీ మందు విఫలమైందనేముందు అది సరిగ్గా మొదలైందా చూడాలి. క్షయ, హెపటైటిస్-బి పరీక్షలు ముందే అవ్వాలి. ఈబీవీ, సీఎంవీ వైరస్‌లకు, వాటి జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే పీసీఆర్ పరీక్షే చేయించాలి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించుకుంటున్న పిల్లల్లో కనిపించే యాంటీబాడీలు రక్తదాతలవి, వాటిని నమ్మితే మోసపోతాం. బతికున్న క్రిములతో చేసిన టీకాలు ఆపాలి. ఫ్లో సైటోమెట్రీకి (రక్తకణాలను రకాలవారీగా లెక్కించే పరీక్షకి) పంపే రక్తం ఐసుకి తగిలినా, మే ఎండలో కారులో వదిలేసినా కణాలు చస్తాయి. అమలాపురంలో తీసిన శాంపిల్ గది వేడిలోనే ఉండి 24 గంటల్లో ల్యాబ్ చేరాలి.

వశిష్ట:
అవన్నీ సరిగ్గా జరిగి, జబ్బు అణిగి, పూర్తిగా కలిసిన తోబుట్టువు ఉంటే మాత్రం ఆగకూడదనే నా మాట. అబటాసెప్ట్‌తో అణిచి ఉంచిన ఆ కాలమే మార్పిడికి అదను. దాత లేకపోతే నేనూ మందువైపే.

వైనతేయ:
నాన్న ఉన్నారుగా! ఎల్‌ఆర్‌బీఏలో ఆయన ఒక్క కాపీ మోసేవారే, సగం కలిసిన దాతగా పనికొస్తారు. మార్పిడి తర్వాత 3, 4 రోజుల్లో తిరగబడే దాత కణాలను అణిచేందుకు కిలోకు 50 మి.గ్రా. సైక్లోఫాస్ఫమైడ్ మందు ఇచ్చే పద్ధతి ఉంది.

గౌతమి:
సగం పోలికలో దాత కణాలు బిడ్డ పేగు, చర్మం మీద తిరగబడే ముప్పుంది. మందుతో బరువు పెరుగుతూ బడికెళ్తున్న బిడ్డకి దానికి మాత్రం నేను ఒప్పుకోనండి.