పైకప్పు గుడారంతో సొంత క్యాంపింగ్ ట్రైలర్: ఎత్తు, బరువుల విషయంలో సలహా కావాలి

కారు వెనుక లాగే చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌ను నేనే రూపొందించుకుంటున్నాను. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, పైన ఇద్దరు పడుకోగల మడత గుడారం, కింద వంటసామాను, నీటి ట్యాంకు ఉంటాయి. కొలతల బొమ్మ దాదాపు పూర్తయింది గానీ, ఇనుము కోయించే ముందు ఇటువంటిది కట్టి వాడినవారి మాట వినడం మంచిదని ఇక్కడ అడుగుతున్నాను.

నన్ను ఎక్కువగా వేధిస్తున్నది గుడారం అమర్చే ఎత్తు. ప్రయాణంలో దాని బరువు 60 కిలోలే అయినా, రాత్రి ఇద్దరం పడుకుంటే ఫ్రేమ్ మీద 200 కిలోలకు పైగా భారం పడుతుంది కాబట్టి నిలువు కమ్మీలు దృఢంగా ఉండాలి. కానీ పైభాగంలో ఇనుము పెంచిన కొద్దీ గురుత్వ కేంద్రం పైకి జరిగి, మలుపుల్లో బండి ఒరిగే ప్రమాదం పెరుగుతుంది. రెండు బల్లల మీద ప్లైవుడ్ పలక పరిచి నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను; అంచున మోకాలు ఆనించగానే అవతలి వైపు పలక పైకి లేచింది. నాలుగు మూలలా జాక్‌లు తప్పనిసరి అని అప్పుడే నిర్ణయించుకున్నాను.

ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రైలర్‌ను కారుకు తగిలించే కొక్కెం) మీద పడాలంటారు. 70 లీటర్ల నీళ్లంటే 70 కిలోలు. ట్యాంకును ముందువైపు పెడితే నీళ్లు అయిపోయే కొద్దీ ఆ నిష్పత్తి తగ్గిపోతుంది, ఇరుసు మీదే పెడితే సస్పెన్షన్ కదలికకు చోటు చాలడం లేదు.

గుడారాన్ని ప్రయాణంలో కిందికి దించి, ఆగాక పైకి లేపే ఫ్రేమ్‌ను ఎవరైనా వాడారా? కొన్నాళ్ల తరువాత దాని కీళ్లు వదులయ్యాయా? ట్యాంకును మీరెక్కడ అమర్చారో కూడా దయచేసి తెలియజేయగలరు.